పిందె రాల్చే మందు, మే నెల మబ్బులు

న్యూయార్క్ అంటే మనవాళ్లకు ఆకాశహర్మ్యాలే గుర్తొస్తాయి. నేను పనిచేసేది ఆ రాష్ట్రంలోనే గానీ, ఒంటారియో సరస్సు ఒడ్డున ఉన్న వేన్ కౌంటీలో. ఎటు చూసినా ఆపిల్ తోటలే. మే నెలలో పూత రాలాక మూడు వారాలు ఇక్కడి రైతుకు కంటి మీద కునుకుండదు. తోటలకు సలహాలిచ్చే ఉద్యోగం కాబట్టి ఆ టెన్షన్ నాకూ ఉంటుంది.

ఆపిల్‌కు ఒక్కో గుత్తిలో ఐదారు పూలు వస్తాయి. అన్నీ కాయలైతే సైజు రాదు, ధర రాదు. అంతకన్నా పెద్ద నష్టం మరుసటి ఏడాది. కాయల్లోని గింజల నుంచి వచ్చే జిబ్బరెల్లిన్లు అనే హార్మోన్లు వచ్చే ఏటి పూమొగ్గలు ఏర్పడకుండా అడ్డుపడతాయి. హనీక్రిస్ప్ రకం ఈ విషయంలో మరీ మొండిది. ఒక ఏడు విరగకాస్తే తర్వాతి ఏడు పూత కోసం వెతుక్కోవాల్సిందే. పూసిన పూలలో నూటికి పదిలోపు నిలిస్తే చాలు, నిండు కాపు. మిగతావాటిని మందు కొట్టి రాల్చాలి.

నాన్నకు నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. ఫోన్‌లో ఈ సంగతి చెబితే, "డబ్బులు పోసి పిందె రాలగొట్టుకోవడమేంటమ్మా?" అన్నారు. ఆయన బాధ నాకు తెలుసు. అక్కడ పిందె నిలవాలని ప్లానోఫిక్స్ కొడతారు. అందులో ఉండేది నాఫ్తలీన్ ఎసిటిక్ యాసిడ్. ఇక్కడ ఆపిల్ పిందె పది మిల్లీమీటర్లున్నప్పుడు రాల్చడానికి కొట్టేదీ అదే. కోతకు ముందు కాయ రాలకుండా ఆపిల్ మీదే మళ్లీ దాన్ని వాడతారు. ఏ దశలో, ఎంత మోతాదులో కొట్టామన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది.

మోతాదు సరిగ్గా కలిపినా సగం పని ఆకాశానిదే. ఆ దశలో పిందెలన్నీ ఒకేసారి పిండిపదార్థం అడుగుతాయి. మబ్బు పట్టి ఎండ లేకపోతే ఆకు తయారుచేసేది తగ్గుతుంది. దానికి తోడు రాత్రి వెచ్చగా ఉంటే చెట్టు శ్వాసక్రియకే ఉన్నదంతా ఖర్చయిపోతుంది. అలాంటప్పుడు మందు పడితే బలహీన పిందెలే కాదు, ఉంచుకోవాల్సినవీ రాలిపోతాయి. పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉంటే అదే మోతాదుకు చెట్టు చలించదు. పగటి వేడి 21 నుంచి 24 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే మందు నెమ్మదిగా, నమ్మకంగా పనిచేస్తుంది. 30 దాటితే నాకు భయం.

అందుకే కొట్టే రోజు ఎలా ఉందన్నది ఒక్కటే చూస్తే చాలదు, తర్వాతి మూడు నాలుగు రోజుల వాతావరణ సూచన చూడాలి. కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన అలన్ లాక్సో, టెరెన్స్ రాబిన్సన్ ఈ జమాఖర్చును లెక్కగట్టే మోడల్ తయారుచేశారు. ఎండ, ఉష్ణోగ్రతల వివరాలు ఇస్తే చెట్టుకు మిగులా, లోటా చెబుతుంది. నా దృష్టిలో ఆపిల్ రైతుకు ఇంతకన్నా పనికొచ్చే పరిశోధన అరుదు. తెల్లవారకముందే ఫోన్ చేసి "ఈ రోజు కొట్టనా, ఆగనా?" అని అడిగే పెద్దాయనకు చేతిలో ఒక లెక్క పెట్టుకుని జవాబు చెప్పగలుగుతున్నాను. తరతరాలుగా ఈ నేలను నమ్ముకున్న మనిషి ఎక్కడినుంచో వచ్చిన నా మాట మీద ట్యాంకు కలుపుతాడు. ఆ బరువు చిన్నది కాదు.

కొట్టాక మూడు నాలుగు రోజులకు, మళ్లీ వారానికి, గుర్తు కట్టిన పిందెలను కాలిపర్‌తో కొలుస్తాం. బాగా పెరిగేవాటి వేగంలో సగం కూడా లేనివి రాలిపోతాయని లెక్క. కంటికి అన్నీ ఒకేలా కనిపిస్తాయి, కొలతలోనే తేడా బయటపడుతుంది.

మంచు పడిన ఏడాది కథ వేరు. 2012 మార్చిలోనే ఎండలు ముదిరి మొగ్గలు తొందరగా విచ్చాయి, ఏప్రిల్ మంచుకు ఈ రాష్ట్రంలో దాదాపు సగం పంట పోయింది. 2023 మే 18 తెల్లవారుజామున మళ్లీ మంచు కొట్టింది. అలాంటి రాత్రి తర్వాత ముందు పిందెలు కోసి లోపల నల్లబడ్డాయేమో చూడాలి. మంచు తగిలిన ఆకు మందును ఎక్కువగా పీల్చుకుంటుంది కాబట్టి తొందరపడకూడదు.

పిందె ఇరవై మిల్లీమీటర్లకు చేరాక మిగిలే దారులు తక్కువ. వాటిలో ఒకటి ఎథెఫాన్ అనే రాల్చే మందు, దానికీ వేడి తోడుండాలి. అదీ కుదరకపోతే జూన్‌లో మెక్సికో, జమైకాల నుంచి సీజన్ వీసా మీద వచ్చిన కూలీలు చేత్తో తుంచాలి. వాళ్లకు నాలుగు పని గంటలు దొరుకుతాయి, రైతుకు పెద్ద ఖర్చు. ఈ ఏటి కాయ సైజు కొంత పెరుగుతుంది గానీ, వచ్చే ఏటి మొగ్గల సంగతి అప్పటికి చాలావరకు తేలిపోయి ఉంటుంది.