180 లీవర్లు

పన్నెండు దాటింది, నిద్ర రావడం లేదు. ఆ ఫోటో మళ్ళీ తీసి చూశాను. సగం స్తంభం, సగం మా ఆయన భుజం. వెనకాల ఎర్ర ఇటుకల గోడ, పైన ఒక వరస కిటికీలు.

ఇంగ్లండులోని ష్రూస్‌బరీ స్టేషన్‌లో బండి మారడానికి ఇరవై నిమిషాలు దొరుకుతుందని, అక్కడ రైళ్ళకి సిగ్నళ్ళు ఇచ్చే సెవెర్న్ బ్రిడ్జ్ జంక్షన్ కేబిన్ చూడాలని నెల రోజులుగా చెబుతున్నాను. తీరా దిగాక చిన్నోడికి ఆకలి అన్నారు. సరే అన్నాను. శాండ్‌విచ్ కోసం లైన్లో పన్నెండు నిమిషాలు పోయాయి. నేను అడిగింది ఐదు. ప్లాట్‌ఫాం చివరికి పరుగెత్తి ఫోన్ తీసేసరికి వెనకే వచ్చి, "పాత మేడే కదా, నెట్‌లో బోలెడు ఫోటోలుంటాయి, పద" అన్నారు. ఆ మాటే ఇంకా గుచ్చుతోంది.

పాత మేడే. 1903లో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కట్టించిన మూడంతస్తుల మేడ. 180 లీవర్ల ఫ్రేము. అన్నీ ఇప్పుడు వాడకపోయినా, చేత్తో లీవర్లు లాగి ఇంకా నడుపుతున్న కేబిన్లలో ప్రపంచంలో ఇదే పెద్దది. వచ్చే పోయే బండ్లు కనబడాలని పైనంతా అద్దాలు. లీవర్ల కింద ఇంటర్‌లాకింగ్ ఉంటుంది. ఒక బండికి దారి ఇచ్చాక, దానికి అడ్డొచ్చే లీవరు ఎంత బలంగా లాగినా కదలదు.

చిన్నప్పుడు మా స్టేషన్ కేబిన్‌లో లీవర్లు లాగే నాన్నకి క్యారియర్ తీసుకెళ్ళినప్పుడు నేను కేబిన్ మెట్ల మీదే ఆగిపోవాలి. తలుపు సందులోంచి చూసేదాన్ని. గంట మోగితే అన్నం వదిలేసి, చెయ్యి కడుక్కుని, గుడ్డ అందుకునేవారు. చెమట తగిలితే పిడి తుప్పు పడుతుందట. కాలు తన్నిపెట్టి ఒళ్ళంతా వెనక్కి వాల్చి లాగితే, ఎక్కడో దూరాన సిగ్నల్ చెయ్యి వాలేది. ఎరుపు సిగ్నళ్ళకి, నలుపు పట్టాల దారి మార్చే పాయింట్లకి, నీలం ఆ పాయింట్ల తాళాలకి, తెలుపు వాడనివాటికి. నేను రంగులు నేర్చుకున్నది అక్కడే. ఇంగ్లండులోనూ అవే రంగులు.

ఈ కేబిన్ ఎప్పటికీ ఇలాగే నడవాలని ఇందాక ఒక పేరా రాశాను. కొట్టేశాను. డ్యూటీ దిగి వస్తే అమ్మ నాన్న కుడి భుజానికి ఉప్పు మూటతో కాపడం పెట్టేది. లీవరు నుంచి సిగ్నల్‌కి వెళ్ళే తీగ ఎండకు సాగిన రోజు మరీ నొప్పి. మా స్టేషన్‌కి బటన్ల ప్యానెల్ వచ్చి లీవర్లు పీకేసినప్పుడు నేను ఏడ్చాను, ఆయన ఏడవలేదు. "బటన్ నొక్కితే చాలు తల్లీ" అన్నారు. మేడ ఉండాలి, అందులో నాకు అనుమానం లేదు. రక్షిత కట్టడమని గుర్తించారు కూడా. లీవర్ల సంగతే తేల్చుకోలేకపోతున్నాను.

మధ్యాహ్నం ఆ పాడు ఫోటోనే నాన్నకి పంపాను. వెంటనే ఫోన్ చేశారు.

"వాళ్ళూ గుడ్డతోనే పట్టుకుంటారా?"

"అవును నాన్నా."

"పాత లుంగీ ముక్కయితే చెయ్యి జారదు" అన్నారు.