తొడకి కట్టిన పట్టీ
పర్లాకిమిడిలో కబడ్డీ ఆడుతూ మోకాల్లో ఏసీఎల్ అనే లిగమెంట్ తెంపుకున్నాను, బరంపురంలో దానికి ఆపరేషన్ అయ్యి ఇవాళ్టికి 12 రోజులు. మోకాలు నొప్పెడుతుందని తెలుసు గానీ తొడ ఇంతలా సలుపుతుందని ఎవరూ ముందు చెప్పలేదు, పైన బెల్టు బిగించినట్టు కమిలిన చార, కాలు లేపుదామంటే కండ మాట వినదు. ఫిజియో అన్నని అడిగితే చెప్పాడు, అది టోర్నికేట్ అంట, ఆపరేషన్‌లో మోకాలి లోపలికి పెట్టే కెమెరాకి రక్తం అడ్డు రాకుండా తొడకి పట్టీ చుట్టి గాలి నింపుతారు, మామూలుగా 2 గంటలు దాటనివ్వరు, అంతసేపు నలిగిన కండ కదా మొదట్లో నొప్పీ నీరసం ఉండొచ్చు, మెల్లగా తగ్గుతాయిలే అని. ఈ ముక్క ముందే తెలిసుంటే అన్ని రాత్రుళ్ళు భయపడేవాణ్ణి కాదు. అమ్మ మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి "నొక్కు నాన్నా, ఇంకొంచెం" అంటాది, నిన్న మొదటిసారి మడమ మంచం మీంచి లేచింది.