తేనెరంగు జిగురు

ముప్పయ్యోసారి తాడు లాగేసరికి భుజం పట్టేసింది, పడవ మోటారు మాత్రం ఒకసారి దగ్గి ఊరుకుంది.

నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ విప్పి, ఇంజిన్‌కి ఆనించి తాడు లాగితే నీలం నిప్పురవ్వ బాగానే వస్తోంది, కానీ మొన పొడిగా ఉంది. అంటే లోపలికి పెట్రోల్ రావట్లేదు. అప్పుడే కార్బురేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌లోకి పంపే భాగం) విప్పాల్సింది, నేనేమో రెండు గంటలు ట్యాంకు మీదా పైపు మీదా పడ్డాను.

చివరికి విప్పితే దాని పెట్రోల్ గిన్నె అడుగున తేనెరంగు జిగురు! పోయినేడాది వదిలేసిన పెట్రోలే, ఎండి వార్నిష్‌లా అతుక్కుపోయింది. పెట్రోల్ వెళ్లే సన్న కన్నమున్న ముక్క, జెట్‌ని, వెలుతురుకి ఎత్తి చూస్తే చీకటి. క్లీనర్ కొట్టి, వైరులోంచి ఒక్క రాగిపోగు తీసి మెల్లగా దూర్చాను (సూది వాడితే కన్నం పెద్దదైపోతుంది, ఆ ఘనకార్యం ఒకసారి చేశాను లెండి). నలుసంత వెలుగు కనిపించగానే ఒక్కణ్ణే గట్టిగా నవ్వేశాను.

మోటారు అడుగుభాగాన్ని డ్రమ్ములోని నీళ్లలో ముంచి తాడు లాగితే రెండోసారికే అందుకుంది. బోలెడు పొగ, చెవులు పగిలే మోత, ఎంత హాయిగా ఉందో!

ఆపేముందు చూస్తే ఇంజిన్‌ని చల్లబరిచి పక్క రంధ్రంలోంచి వచ్చే నీళ్ల ధార దారంలా ఉంది. నీళ్ల పంపులో తిరుగుతూ నీళ్లు తోసే చక్రం, ఇంపెల్లర్, దాని రబ్బరు రెక్కలు అరిగినట్టున్నాయి. దాని సంగతి రేపు, భుజం ఒప్పుకుంటే.