ఎంఆర్‌ఎస్‌ఏ గడ్డ: టీ ట్రీ ఆయిల్ ఎక్కడి వరకు?

నా తొడ మీది సెగగడ్డ తగ్గినట్టే తగ్గి పక్కనే మళ్లీ లేస్తుంటే, చీము తీసి కల్చర్‌కు (ఏ బ్యాక్టీరియా, ఏ మందుకు లొంగుతుందో చూసే పరీక్షకు) పంపారు. రిపోర్టులో స్టాఫిలోకాకస్ ఆరియస్ అని ఉంది, సెఫాక్సిటిన్ అనే యాంటీబయాటిక్ ఎదురుగా ‘ఆర్’ (రెసిస్టెంట్, అంటే లొంగదు) అని ఉంది. ఆ ఒక్క అక్షరంతో అది ఎంఆర్‌ఎస్‌ఏ, అంటే మెథిసిలిన్‌కు లొంగని స్టాఫిలోకాకస్ ఆరియస్ అని తేలిపోయింది. పెన్సిలిన్ జాతి మందులు అతుక్కోలేని ప్రోటీన్‌ను ఈ బ్యాక్టీరియా సాధారణంగా మెక్‌ఎ జన్యువుతో తయారు చేసుకుంటుంది. అంతకుముందు మింగిన అమాక్సిసిలిన్-క్లావులనేట్ అందుకే పనిచేయలేదు. ఇలాంటి రిపోర్టులో ఇంకొకటి చూసుకోవాలి: ఎరిత్రోమైసిన్‌కు ‘ఆర్’, క్లిండమైసిన్‌కు ‘ఎస్’ (లొంగుతుంది) ఉంటే డి-టెస్ట్ చేశారా అని అడగాలి. ఎరిత్రోమైసిన్ పక్కనుంటే క్లిండమైసిన్‌కూ నిరోధం పుడుతుందేమో చూసే ల్యాబ్ పరీక్ష అది. చేయకపోతే చికిత్స మధ్యలో క్లిండమైసిన్ చెయ్యిచ్చే ప్రమాదం ఉంది.

నాకు నయం చేసింది కోతే. మత్తు సూది వేసి, గడ్డ చీల్చి, లోపలి అరలు విడగొట్టి చీమంతా తీసేశారు. చుట్టూ ఎరుపు పాకింది కాబట్టి కో-ట్రైమాక్సజోల్ అనే యాంటీబయాటిక్ కూడా ఇచ్చారు. చీము గడ్డ లోపలికి రక్తం సరిగా అందదు, అక్కడికి మాత్ర మందే అంతంతమాత్రంగా చేరుతుంది. ఇక చర్మం పైన పూసిన నూనె ఏం చేరుతుంది? టీ ట్రీ ఆయిల్ (టీ ట్రీ అనే చెట్టు ఆకుల నుంచి తీసే ఘాటు నూనె) రాస్తే గడ్డ కరిగిపోతుందని చెప్పేవాళ్లు ఈ సంగతి దాటేస్తారు.

అలాగని నూనెలో పస లేదనలేం. టీ ట్రీలోని టెర్పినెన్-4-ఓల్, వాములోని థైమాల్, లవంగంలోని యూజినాల్ కొవ్వులో కరిగే అణువులు. ఇవి బ్యాక్టీరియా పొరలోకి దూరి దాన్ని వదులు చేస్తాయి, లోపలి పొటాషియం బయటికి కారిపోతుంది. దెబ్బ పొర మీద పడుతుంది కాబట్టి మెక్‌ఎ అడ్డుపడదు. ల్యాబ్‌లో ఎంఆర్‌ఎస్‌ఏ రకాలు చాలావరకు 0.25 నుంచి 0.5 శాతం టీ ట్రీ ఆయిల్‌కే పెరగడం ఆపేస్తాయి. సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా అంత తేలిగ్గా లొంగదు. దాని బయటి పొర నూనెను ఆపుతుంది, పంపులు లోపలికొచ్చినదాన్ని గెంటేస్తాయి. కాబట్టి ఏ సూక్ష్మజీవో తెలియకుండా నూనె ఎంచుకోవడం గుడ్డిపని. ల్యాబ్ ప్లేటు మీద నూనె చుక్క చుట్టూ బ్యాక్టీరియా పెరగని పెద్ద వలయం వచ్చిన ఫొటోలనూ నమ్మకూడదు. నూనె ఆవిరవుతుంది, ప్లేటులోని అగార్ జెల్‌లో సరిగా పాకదు, ఎంత వలయం వస్తే మనిషికి పనిచేస్తుందో చెప్పే ప్రామాణిక కొలత లేదు.

నూనెకు చోటు దొరికింది తర్వాతి దశలో, అంటే చర్మం మీద, ముక్కులో కాపురమున్న బ్యాక్టీరియాను ఖాళీ చేయించడంలో. 2004లో వచ్చిన ఒక ట్రయల్‌లో 224 మంది ఫలితాలు చూశారు. 2 శాతం ముపిరోసిన్ (ముక్కులో రాసే యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్), 4 శాతం క్లోర్‌హెక్సిడిన్ (ఒంటికి వాడే క్రిమినాశక సబ్బు) ఉన్న మామూలు పద్ధతిలో 49 శాతం మందికి ఎంఆర్‌ఎస్‌ఏ పోయింది. టీ ట్రీ క్రీము, బాడీ వాష్‌లతో 41 శాతం మందికి. ముక్కు వరకే చూస్తే ముపిరోసిన్‌తో 78 శాతం, టీ ట్రీతో 47 శాతం. చర్మం మీద మాత్రం టీ ట్రీదే పైచేయి. అందుకే డాక్టరుతో మాట్లాడి ముక్కుకు ముపిరోసినే ఉంచుకుని, ఒంటికి 5 శాతం టీ ట్రీ వాష్ పెట్టుకున్నాను. క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం పగిలి దురద పెడుతోంది, అదీ ఒక కారణం.

ఆ వాష్ కొలత ఇదీ: 95 మి.లీ. వాసన లేని లిక్విడ్ సోప్‌లో 5 మి.లీ. నూనె. కొలత సూది లేని సిరంజితో వెయ్యాలి. చుక్క సైజు సీసా మూతను బట్టి మారిపోతుంది కాబట్టి చుక్కల లెక్క పనికిరాదు. ఉత్త నీళ్లలో కలిపితే నూనె పైకి తేలి, తేలినచోట చర్మాన్ని కాలుస్తుంది. నూనెను నీళ్లతో కలిపి ఉంచే ఎమల్సిఫయర్ మరీ ఎక్కువైనా చిక్కే: నూనె దానిలోనే బందీ అయి బ్యాక్టీరియాకు అందేది తగ్గిపోతుంది. గజ్జలు, చంకలు, తొడలకు పట్టించి, రెండు మూడు నిమిషాలాగి కడగాలి. మానని కోతలోకి, కళ్ల దగ్గరికి పోనివ్వకూడదు. ముందు మోచేతి లోపలివైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడాలి.

సీసా మీద ఐఎస్‌ఓ 4730 (టీ ట్రీ ఆయిల్ నాణ్యతకు అంతర్జాతీయ ప్రమాణం) ఉందో లేదో చూడండి. ఆ ప్రమాణం ప్రకారం టెర్పినెన్-4-ఓల్ కనీసం 35 శాతం ఉండాలి. పాతబడిన నూనె గాలి తగిలి ఆక్సీకరణ చెందుతుంది, అలర్జీ దద్దుర్లకు చాలాసార్లు అదే మూలం. ముదురు రంగు గాజు సీసాలో, బిగుతు మూతతో, వెలుతురు తగలని చోట ఉంచాలి. మింగడం మాత్రం వద్దే వద్దు. పిల్లలు కొద్దిగా మింగినా మగతలోకి జారి, నడక తూలుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే దానికీ విషమే.

ముపిరోసిన్, టీ ట్రీ వాష్‌ల ఆ కోర్సు తర్వాత ముక్కు స్వాబ్, గజ్జల స్వాబ్ (దూదిపుల్లతో తీసిన నమూనాలు) రెండూ నెగటివ్ వచ్చాయి, గడ్డ మళ్లీ లేవలేదు. అదే సమయంలో తువ్వాళ్లు, దుప్పట్లు వేడినీళ్లలో ఉతికాం, రేజర్లు వేరు చేశాం. ఇందులో నూనె వాటా ఎంతో విడదీసి చెప్పడం కుదరదు. డాక్టరు పెట్టిన షరతు ఇప్పటికీ ఉంది: ఎక్కడైనా ఎర్రబడితే అంచు చుట్టూ పెన్నుతో గీత గీయాలి, ఎరుపు ఆ గీత దాటినా, జ్వరం వచ్చినా నూనె సీసా జోలికి పోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.