గుంటూరు నుంచి గురజాలకు: నా బదిలీ అనుభవం

బ్రాడీపేటలో ఒక ఇంట్లో ప్రార్థన ముగించి చెప్పులేసుకుంటుంటే ఫోనొచ్చింది. గురజాల దగ్గర పాస్టరేటుకి, అంటే ఒక పాస్టరు చూసుకునే సంఘాలకి, బదిలీ, 20 రోజుల్లో చార్జి తీసుకోవాలి. గుంటూరులో ఏడేళ్ళున్నాం, మా చిన్నది పుట్టింది ఇక్కడే. రాత్రి భోజనాలయ్యేదాకా ఇంట్లో చెప్పలేకపోయాను.

బదిలీ అంటే సామాన్లు సర్దుకోవడం అనుకుంటారు గానీ అసలు పని రిజిస్టర్లది. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధులు, చందాలు, అన్నీ సరిచూసి, సంతకం పెట్టి నా చోటికొచ్చే కొత్త అయ్యగారికి, అంటే పాస్టరుగారికి, అప్పగించాలి. రెండు రాత్రులు కూర్చుని ఒక్కో వరసా చూసుకుంటూ వస్తే, 2021లో కరోనా భయానికి ఇంటి దగ్గరే ఇచ్చిన ఒక బాప్తిస్మం నేను అసలు రాయలేదని తేలింది. గుండె జారిపోయింది. రేపు ఆ పిల్లకి పెళ్ళి కుదిరి సర్టిఫికెట్ కావాలంటే ఎవర్ని అడుగుతారు? తెల్లారగానే వాళ్ళింటికెళ్ళి తేదీ, సాక్షుల పేర్లు కనుక్కుని, సంఘ పెద్దల ఎదుట రాసి వాళ్ళ సంతకాలు తీసుకున్నాను. బదిలీ మీద వెళ్ళే ఏ పాస్టరుగారికైనా నేను ముందు చెప్పేది ఇదే, అట్టపెట్టెలు తర్వాత కట్టుకోవచ్చు.

మంచంలో ఉన్నవాళ్ళ ఇళ్ళకి మాత్రం కొత్త అయ్యగారిని వెంటబెట్టుకునే వెళ్ళాను. కొత్తపేట సందులో ఒక పెద్దావిడ, చూపు పూర్తిగా పోయింది, నెలనెలా నేనే వెళ్ళి ప్రభు రాత్రి భోజన సంస్కారం ఇచ్చేవాణ్ణి. గడప దగ్గర నా చెప్పుల చప్పుడు విని "అయ్యగారు వచ్చారు, కుర్చీ వెయ్యవే" అని కోడల్ని కేకేసేది. ఆ రోజు రొట్టె కొత్త అయ్యగారు పట్టుకున్నారు. ఆవిడ ఒక చేతి కింద ఇంకో చెయ్యి పెట్టి, ఎప్పట్లా నా గొంతు వినపడిన వైపు చాచింది. ఆయనే ఇటు జరిగి ఆ అరచేతిలో పెట్టారు. ఆవిడ ఆయన వేళ్ళు తడిమి చూసి, కాసేపాగి, "మీరు పక్కనే ఉన్నారా అయ్యా?" అంది. ఉన్నానమ్మా అన్నాను. "అయితే మీరిక మాట్లాడకండి. ఈయన గొంతు నాకు అలవాటవ్వాలి" అంది.

ఆ ప్రార్థనంతా నేను నోరు విప్పలేదు. ఆమేన్ కూడా లోపలే అనుకున్నాను.

ఆఖరి ఆదివారం అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయం తీశాను, ఎఫెసు పెద్దలు పౌలు మెడ పట్టుకుని ఏడ్చే చోట నా గొంతు పూడుకుపోతే మిగతాది సంఘ కార్యదర్శిగారు చదివారు. శాలువాలు, స్త్రీల సమాజం వాళ్ళ పాట, భోజనాలు. ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి, "ఫాదర్ హయ్యర్‌గారి దారే మీదీను అయ్యగారూ" అన్నారు. నిజమే, అమెరికా నుంచి వచ్చిన లూథరన్ మిషనరీ, 1842 జూలై 31న గుంటూరు చేరిన హయ్యర్‌గారు 1849లో పల్నాడు వెళ్ళి గురజాలలో కాపురం పెట్టారు.  ఆ రోజుల్లో ఆ పల్నాడు ఎండల్లో ఆయన ఎలా వెళ్ళారో గానీ, మేం మాత్రం టాటా ఏస్‌లో సామానేసుకుని నరసరావుపేట మీదుగా వెళ్ళాం. పిడుగురాళ్ళ దగ్గర సున్నం బట్టీల పొగ చూసి మా చిన్నది మంచా నాన్నా అని అడిగింది.

మూడో వారంలో గుంటూరు నుంచి ఫోన్. నా దగ్గర కన్ఫర్మేషన్ క్లాసు, అంటే విశ్వాసాన్ని సంఘం ఎదుట ఒప్పుకునే ముందు చెప్పే పాఠాలు, చదివిన అమ్మాయి, పెళ్ళి కుదిరింది, మీరే చెయ్యాలి అంది. చెయ్యాలని నాకు మాత్రం ఉండదా! కానీ నేను అడ్డం వస్తే కొత్తాయన ఆ సంఘానికి అయ్యగారు ఎప్పటికవుతారు? ఆయన్ని అడగమ్మా, మా ఆవిడా నేనూ వచ్చి కూర్చుంటాం అన్నాను. ఆ పిల్ల చాలాసేపు మాట్లాడలేదు.

తర్వాత శుభలేఖ వచ్చింది, ఆయన పేరుతోనే. వెళ్ళాం, నాలుగో వరసలో కూర్చున్నాం.