టాహో ఏటిలో ఎర్ర చేపలు

అక్టోబరులో కాలిఫోర్నియా, నెవాడా సరిహద్దు కొండల్లో ఉన్న టాహో సరస్సుకు జనం పలచబడతారని, వేసవి రద్దీ ముగిసి మంచు ఆటల రద్దీ ఇంకా మొదలుకాని కాలం అదేనని మిత్రులు చెబితే నమ్మి, ఇండియా నుంచి వచ్చిన మావగారిని వెంటబెట్టుకొని శనివారం పొద్దున్నే ఫ్రీమాంట్ నుంచి బయలుదేరాం. శాక్రమెంటో దాటేవరకు బాగానే సాగింది కానీ, హైవే 50 మీద ప్లాసర్‌విల్ సిగ్నళ్ళ దగ్గర యాపిల్ తోటలకు వెళ్ళే కార్లు కూడా మాతో కలిశాయి, ఇక అక్కడి నుంచి నత్తనడకే. ఎకో సమ్మిట్ దాటి లోయలోకి దిగేసరికి మధ్యాహ్న భోజనం వేళ దాటిపోయింది. బస చేసినచోట గది అద్దెకు తోడు రిసార్టు ఫీజంటూ మరికొంత వడ్డించారు. అదెందుకని అడిగితే ఈత కొలనుకు అన్నారు. ఆ కొలను చలికాలానికని అప్పటికే మూసేశారు.

ఎమరాల్డ్ బే దగ్గర కారు నిలపడానికి చోటు దొరకక, సరస్సంతటిలో ఉన్న ఒకే ఒక్క ద్వీపాన్ని కిటికీలోంచే చూపించాను. మావగారు మర్యాదకు తల ఊపారు. అందుకే టేలర్ క్రీక్ దగ్గర ఆగినప్పుడు నాకు పెద్ద ఆశలేమీ లేవు. అది ఫాలెన్ లీఫ్ అనే చిన్న సరస్సు నుంచి టాహోలోకి వచ్చే ఏరు, చాలాచోట్ల మోకాలి లోతు కూడా ఉండదు. కర్ర వంతెన మీద పిల్లలూ పెద్దలూ కిందికి వంగి చూస్తున్నారు. నీటి అడుగున మందారం రంగులో వందలాది చేపలు ప్రవాహానికి ఎదురు తిరిగి నిలబడి ఉన్నాయి.

మావగారిది కోనసీమ. చేపల విషయంలో మా ఇంట ఆయన మాటకు తిరుగులేదు. వంతెన పట్టుకొని చాలాసేపు కదలలేదు. మూపు ఉబ్బి, దవడ కొక్కెంలా వంకర తిరిగినవి మగవి. ఆడచేప ఒక్కసారిగా పక్కకు ఒరిగి తోకతో గులకరాళ్ళను చిమ్ముతూ గుడ్లకు గుంట తవ్వుతోంది, ఆ వెనుకే రెండు మగచేపలు ఒకదానినొకటి కరుచుకుంటున్నాయి. కొన్నింటి తోకల మీద చర్మం ఊడి తెల్లగా బూజు పట్టింది. గుడ్లు పెట్టాక ఇవేవీ బతకవు. ఒడ్డున చచ్చిపడిన వాటి వాసన ఘాటుగానే ఉంది, ఆ వాసనకే నల్ల ఎలుగుబంట్లు ఇటు వస్తాయట.

“అల్లుడుగారూ, ఇది మన పులసలాగే ఎదురీదుతోంది. మరి సముద్రం ఎక్కడుంది?” అన్నారు.

చిన్నప్పటి నుంచీ సముద్రం వదిలి వరద గోదావరిలోకి ఎక్కే పులసను చూసిన మనిషికే ఆ ప్రశ్న తోస్తుంది. టాహోలోకి 63 ఏర్లు వచ్చి కలిస్తే, బయటకు పోయేది ట్రకీ నది ఒక్కటే. అది కూడా సముద్రం చేరకుండా నెవాడాలోని పిరమిడ్ సరస్సులో ఆగిపోతుంది. అక్కడున్న స్వచ్ఛంద కార్యకర్తను అడిగితే ఆమె నవ్వి, వీటికి ఈ సరస్సే సముద్రం అన్నారు. వీటిని కొకానీ అంటారు, సముద్రానికి వెళ్ళకుండా మంచినీటిలోనే బతికే సాకై శాల్మన్ రకం. ఇవి ఇక్కడివి కావు, 1944లో ఇక్కడి నీటిలో చేరాయి. అసలు ఈ నీటికి సొంతమైన పెద్ద చేప లాహాంటన్ కట్‌త్రోట్ ట్రౌట్. విపరీతంగా వేటాడటం, కలప కోసం అడవులు నరకడం, ట్రకీ మీద ఆనకట్ట, గ్రేట్ లేక్స్ నుంచి తెచ్చి వదిలిన మ్యాకినా ట్రౌట్, ఇవన్నీ కలిసి 1930ల చివరికి సరస్సులో దాన్ని లేకుండా చేశాయి. 1960లలో చేపలకు మేత అవుతుందని మైసిస్ అనే చిన్న రొయ్యను వదిలితే, అది పగలు చీకటి లోతుల్లో దాక్కొని చేపలకు చిక్కకుండా, రాత్రి పైకొచ్చి వాటికి మేత కావలసిన డాఫ్నియా పురుగులను తినేసింది.

“అసలు పోయి కొసరు మిగిలిందన్నమాట,” అన్నారు మావగారు.

అమెరికా ప్రకృతి ఎవరూ ముట్టని ప్రకృతి అని మా ఊళ్ళో అందరికీ చెప్పుకొచ్చిన నాకు ఆ మాట కాస్త గుచ్చుకుంది. కానీ నన్ను మరింత కదిలించింది ఆ కార్యకర్త తరువాత చెప్పిన సంగతి. నీటి స్పష్టతను ఇక్కడ తెల్లని పళ్ళెంతో కొలుస్తారు. దాన్ని తాడుకు కట్టి దించి, ఎంత లోతున కంటికి కనబడకుండా పోతుందో చూస్తారు. చార్లెస్ గోల్డ్‌మన్ అనే డేవిస్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త మొదలుపెట్టిన ఆ కొలతల్లో 1968 సగటు 100 అడుగులు దాటింది. ఇటీవలి సంవత్సరాల్లో అది 60, 70 అడుగుల మధ్య తిరుగుతోంది. ఊళ్ళ మురుగును మొత్తం కొండలు దాటించి బయటకు పంపుతున్నా ఇదీ పరిస్థితి. నీటిని మసకబార్చేది ఎక్కువగా రోడ్ల నుంచి, ఊళ్ళ నుంచి కొట్టుకొచ్చే మెత్తని దుమ్ము. శీతాకాలంలో కార్లు జారకుండా రోడ్ల మీద చల్లే ఇసుక చక్రాల కింద పిండిగా నలిగి, మంచు కరిగినప్పుడు సరస్సు పాలవుతుంది. రేణువులు అంత సన్నగా ఉండటం వల్ల అడుగుకు దిగడానికి ఏళ్ళు పడుతుంది. 1,645 అడుగుల లోతున్న ఈ సరస్సులో చేరిన నీరు మళ్ళీ బయటపడటానికి సగటున 650 ఏళ్ళు పడుతుందని లెక్క.

పొద్దున హైవే 50 మీద ముందున్న కార్లను తిట్టుకుంటూ వచ్చిన నేను కూడా ఆ వరుసలోవాడినే కదా! సౌత్ లేక్ టాహో వీధుల పక్కన గడ్డి మొలిచిన గుంటలను చూసి నిర్వహణ లేదని విసుక్కున్నాను కూడా. అవి వాననీటిని నిలిపి, దుమ్మును నేలలోనే ఆపడానికి కావాలని తవ్వినవట. మరునాడు టాహో సిటీ మీదుగా వెనక్కి వెళుతూ మావగారు అలాంటి గుంటలను వేలెత్తి చూపించడం మొదలుపెట్టారు.

కొండలు దిగి వచ్చే ప్రతి కారు మీదా రుసుము వేయాలన్న ఆలోచన అప్పుడప్పుడు ఇక్కడ చర్చకు వస్తుంటుంది. నా మటుకు నేను కట్టడానికి సిద్ధమే. కాకపోతే ఆ డబ్బుతో శాక్రమెంటో నుంచి గంటకో బస్సు కూడా నడపాలి, ఎందుకంటే కారు లేనివాడు మావగారి వయసువాళ్ళను తీసుకొని టేలర్ క్రీక్ దాకా ఎలా రావాలో నాకైతే తోచలేదు.