కొల్లేటి పటంలో నీళ్లు, గట్లు

ఉపగ్రహ చిత్రంలో కొల్లేరును మొదటిసారి శ్రద్ధగా చూసినప్పుడు నాకు సంతోషమే కలిగింది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ అంత విశాలంగా నీలం రంగు పరచుకొని ఉండడం చూసి, సరస్సు పూడిపోతోందని చిన్నప్పటి నుంచి వింటూ వచ్చిన మాటల్లో అతిశయోక్తి ఉందేమో అనుకున్నాను. కైకలూరు వైపు ఉండే మా మేనమామ ఇంటికి వచ్చినప్పుడు ఆ చిత్రాన్ని ఫోనులో చూపించాను. ఆయన రెండు వేళ్లతో దాన్ని పెద్దది చేసి కాసేపు చూసి, "గట్టు కట్టిన నీళ్లు కొల్లేరు ఎలా అవుతాయిరా?" అన్నారు. నేను చూసి మురిసిపోయిన నీలంలో చాలా భాగం నలుచదరపు గళ్లుగా, స్కేలు పెట్టి గీసినట్టున్న గట్ల మధ్య నిలిపిన చేపల చెరువులని అప్పుడు గ్రహించాను.

బుడమేరు, తమ్మిలేరు వంటి ఏర్లూ అనేక మురుగు కాలువలూ తెచ్చిపోసే నీటిని కొల్లేరు తనలో నిలుపుకొని, తీరిగ్గా ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి వదులుతుంది. వరదను పట్టి నిదానంగా వదలడమే దాని ప్రధాన ధర్మం కాబట్టి, ఆ దారిలో వేసిన ప్రతి గట్టూ నీటికి అడ్డమే అవుతుంది. ఐదో కాంటూరు, అంటే నేల ఎత్తును చూపే గీత, వరకు ఉన్న సుమారు 308 చదరపు కిలోమీటర్లను 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా గుర్తింపు పొందింది. 2006లో అభయారణ్యంలోని చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. ఆ తరువాతి కథ కొల్లేటి చాంతాడంత ఉంది గనుక, ఇక్కడ పటాల సంగతికే పరిమితమవుతాను.

ఉపగ్రహ చిత్రాలు చూసి సరస్సు ఏదో, చెరువు ఏదో పటం గీయడానికి ఇప్పుడు డబ్బు గానీ, కార్యాలయాల అనుమతి గానీ అక్కరలేదు. అమెరికా ప్రభుత్వం 2008లో తన లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలను అందరికీ ఉచితం చేసింది. యూరప్ వారి సెంటినెల్-2 ఉపగ్రహాలు 2015 నుంచి పది మీటర్ల స్పష్టతతో నేలను చిత్రిస్తున్నాయి. మన ఇస్రో 2009లోనే భువన్ అనే పటాల వెబ్‌సైటును అందుబాటులోకి తెచ్చింది. గూగుల్ ఎర్త్‌లో గడియారం గుర్తును నొక్కితే ఒకే చోటి పాత చిత్రాలు వరుసగా కనిపిస్తాయి. అయితే ఈ సాధనాలు అడిగినదానికే జవాబిస్తాయి. అడగడం ఎలాగో తెలియక నేను చేసిన తప్పులే నాకు ఎక్కువ నేర్పాయి.

మొదటి తప్పు నీటి సూచికను గుడ్డిగా నమ్మడం. నీరు ఆకుపచ్చ కాంతిని కొంత తిప్పి పంపుతుంది గానీ, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని దాదాపు మొత్తం పీల్చుకుంటుంది. ఈ రెండింటి తేడాను లెక్కగట్టి ఎక్కడ నీరుందో కంప్యూటరు చెబుతుంది. కొల్లేటిలో ఈ లెక్క రెండు వైపులా తప్పుతుంది. చేపల చెరువులో ఉన్నదీ నీరే కనుక దాన్ని సరస్సులో కలిపేస్తుంది. గుర్రపు డెక్క, కిక్కిస దట్టంగా కమ్మిన అసలు సరస్సు, పచ్చని ఆకులు పరారుణ కాంతిని బలంగా తిప్పి పంపడం వల్ల, పొలంలా కనిపించి లెక్కలోంచి జారిపోతుంది. అంతకన్నా బాధాకరమైనది ఇంకొకటి ఉంది. ఏడాదిలో కొన్ని నెలలే నీరుండే సరస్సు అంచును తవ్వి చెరువు చేస్తే, దశాబ్దాల మార్పును చూపే జలపటంలో అది శాశ్వత జలం పెరిగినట్టుగా, అంటే లాభంగా నమోదవుతుంది. పక్షులు మేసే లోతు తక్కువ నీరు పోయి లోతైన చెరువు వచ్చిన సంగతి ఆ రంగు చెప్పదు.

దీనికి నాకు దొరికిన ఉపాయం చాలా సాదాది, అది కూడా మామయ్య మాటల్లోంచే వచ్చింది. ఎండాకాలంలో కొల్లేటి నీరు తగ్గిపోతుంది, చెరువులు మాత్రం కాలువ నీరు తోడుకొని నిండుగానే ఉంటాయి. అందువల్ల నవంబరు చిత్రాన్ని, మే నెల చిత్రాన్ని పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ నిండుగా ఉండి అంచులు తిన్నగా ఉన్నవాటిని చెరువులుగా, నీరు వెనక్కి తగ్గి అంచు వంకరలు తిరిగినదాన్ని సరస్సుగా గీయడం మొదలుపెట్టాను. చేపలు పట్టడం కోసం ఎండగట్టిన చెరువు ఈ పద్ధతిలో తప్పిపోతుంది కాబట్టి ఒక్క ఏడాదితో సరిపెట్టుకోకుండా మూడు నాలుగేళ్ల చిత్రాలు చూడాలి. వానాకాలంలో మబ్బులు అడ్డుపడితే, మబ్బులను దాటి చూడగల సెంటినెల్-1 రాడార్ చిత్రాలు ఆదుకుంటాయి.

రెండో తప్పు కాంటూరును నేనే గీయాలనుకోవడం. ఇక్కడ ఐదో కాంటూరు అంటే సముద్రమట్టానికి ఐదు అడుగుల ఎత్తు, ఒకటిన్నర మీటరు. ఉచితంగా దొరికే ఎత్తుల పటాల్లో ప్రసిద్ధమైనది 2000 ఫిబ్రవరిలో అంతరిక్ష నౌక నుంచి రాడార్‌తో కొలిచినది. దాని ఎత్తుల్లో కొన్ని మీటర్ల తేడా ఉండడం మామూలే. బల్లపరుపుగా ఉన్న కొల్లేటి నేల మీద ఒక్క అడుగు తేడా కూడా గీతను ఎంతో దూరం జరుపుతుంది. అలాంటి పటాన్ని నమ్మి ఫలానా చెరువు అభయారణ్యం హద్దు లోపల ఉందని నేను ప్రకటిస్తే, అది ఒక కుటుంబం మీద తప్పుడు సాక్ష్యమవుతుంది. అందుకే నేను గీసిన ఆ హద్దు ఫైలును చెరిపేశాను. ఆకాశం నుంచి గట్టు కనబడుతుంది గానీ అది ఎవరిదో, పెట్టుబడిదారుడు ఎవరో, కూలికి కాపలా ఉన్న పేదవాడు ఎవరో కనబడదు. నా పటంలో ఏ చెరువుకూ మనిషి పేరు ఉండదు. అలాగే పక్షులు గూళ్లు పెట్టిన చెట్ల స్థానాలను కూడా అందరికీ కనిపించేలా పెట్టను. ఆటపాకలో గూడబాతులను చూడడానికి ఏర్పాట్లున్నాయి, మిగతా చోట్ల వాటిని వాటి మానాన వదిలేయడం మంచిది.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ తృప్తినిచ్చింది ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో చేసిన చిన్న పని. ఎవరైనా దిద్దగల ఆ పటంలో ఒకే నీలపు ముద్దగా ఉన్న చోట చెరువులను చేపల పెంపకంగా, సరస్సును సరస్సుగా వేరు చేసి, నీరు నడిచే దారులకు తెలుగులో పేర్లు రాయడం ప్రారంభించాను. పడవ వాళ్లు వాడే పేర్లు ఏ పటంలోనూ లేవు. పేరు లేని కాలువను పూడ్చేస్తే, పోయింది ఏమిటో చెప్పడానికి మాట కూడా మిగలదు. మామయ్య ఫోనులో చెబుతూ ఉంటే నేను గీస్తాను, గీసినదాన్ని ఆయనకు పంపితే తప్పులు దిద్దుతారు. పోయిన వారం ఒక సన్నని నల్లని గీతను చూపించి అది మురుగు కాలువేనా అని అడిగాను. ఆయనకూ అంతు చిక్కలేదు. నీళ్లు తగ్గకముందే దోనె వేసుకొని వెళ్లి చూసి చెబుతానన్నారు. అంతవరకు ఆ గీతను పేరు రాయకుండా అలాగే ఉంచాను.